శంషాబాదు – గన్నవరము: దూరమెంత? కాలమెంత?

సూర్యాపేట జిల్లాలోని పాలకీడునకు మేము వెళ్ళియున్నపుడు, ఒకనాటి సాయంకాలము కాలువగట్టుమీద నిలిచి ఒక వృద్ధ రైతుతో మాటలాడుచుంటిమి. నాట్లు ముగిసి, మడులలో నీరు నిండుగా ఉన్న దినములవి. మాటల మధ్య ఆకాశమున సన్నని మ్రోతతో ఒక విమానము తూర్పుదిక్కుగా సాగిపోయినది. ఆ వృద్ధుడు తలయెత్తి అది కనుమరుగగువరకు చూచి, "సారూ, ఇది మా నెత్తిమీదికెల్లే పోతది గదా! దీన్ని ఎక్కాలంటే మల్ల పట్నం దాక పోవాలెనా?" అని అడిగెను.

మేము నవ్వితిమి గాని ఆయన నవ్వలేదు. ఆయన మనుమడు ఒక ఉద్యోగపు పరీక్షకై ఢిల్లీ వెళ్ళవలసి వచ్చి, కాలపట్టికలో "ఒక గంట" అని ఉన్నదానిని నమ్ముకొని బయలుదేరి, విమానమును అందుకొనలేకపోయెనట. పరీక్ష పోయినది. టిక్కెట్టు సొమ్మును పోయినది. మరల అట్టి పరీక్షయే రానున్నది. కావున ఆయన ప్రశ్నకు సూటియైన సమాధానము చెప్పవలసిన పూచీ మామీద పడినది. ఇంటికి వచ్చి పటములు ముందు వేసికొని లెక్కలు కట్టి చూచితిమి. ఆ లెక్కలలో మాకును కొన్ని వింతలు కనబడినవి. వానినే ఇచట విన్నవించుచున్నాము.

మొదట దూరము సంగతి. పాలకీడు మీదుగా పోవు ఆ విమానము హైదరాబాదునకు చేరిన శంషాబాదు విమానాశ్రయమునకును, విజయవాడకు చేరిన గన్నవరము విమానాశ్రయమునకును నడుమ తిరుగునది. పటముపై ఈ రెండింటి నడుమ దారము బిగించి పట్టి కొలిచినచో సుమారు 264 కిలోమీటర్లు వచ్చును. మైళ్ళలో చెప్పినచో 164. విమానచోదకులు వాడునది ఈ మైలు కాదు, నావికుల మైలు. అది 1,852 మీటర్లు. ఆ కొలతలో ఈ దూరము 143 మాత్రమే. మన పెద్దలు ఆమడలలో చెప్పియుండెడివారు. అయితే ఆమడ యన ఎనిమిది మైళ్ళని కొందరు, పది మైళ్ళని కొందరు. కాబట్టి వారి లెక్కకు ఇది పదహారు ఆమడలు మొదలు ఇరువది ఆమడల వరకు ఎంతయైన కావచ్చును! దూరమనునది ఒక్కటే అయినను దానిని చెప్పు నోరు మారినకొలది అంకె మారుచుండును.

భూమి గుండ్రముగా ఉన్నది గదా, దారము బిగించి కొలిచిన కొలత సరిపోవునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. హైదరాబాదునుండి అమెరికాకు పోవువారి విషయమున ఆ సందేహము సమంజసమే. అంత దూరమున పటము మీది తిన్నని గీత వేరు, భూగోళము మీది దగ్గరి దారి వేరు. ఈ 264 కిలోమీటర్లలో ఆ భేదము లెక్కింపదగినది కాదు.

ఇక ఈ గీత ఎచ్చటెచ్చట పోవుచున్నదో చూచినపుడు మాకు మొదటి వింత కనబడినది. దీని నడిమి బిందువు మిర్యాలగూడ పట్టణమునకు తూర్పున కొద్ది కిలోమీటర్లలో పడుచున్నది. అచ్చటనుండి గీత నేరేడుచర్ల ప్రాంతముమీదుగా, పాలకీడునకు కొంచెము ఉత్తరముగా సాగి, మేళ్ళచెరువు పరిసరములను దాటి, పులిచింతల దగ్గర కృష్ణను సమీపించి, పిమ్మట ఆ నదికి తోడుగానే విజయవాడవైపు పోవుచున్నది. అనగా పాలకీడు ఈ రెండు విమానాశ్రయములకు ఇంచుమించు నట్టనడుమ ఉన్నది. ఒకవైపు శంషాబాదు సుమారు 147 కిలోమీటర్లు, మరియొకవైపు గన్నవరము సుమారు 117 కిలోమీటర్లు. ఆ వృద్ధుడు నెత్తిమీద పోవుచున్నదనుట అతిశయోక్తి కాదు.

హైదరాబాదునుండి వచ్చు మూసీనదియు ఈ ప్రాంతముననే, పాలకీడునకు పొరుగుననున్న వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. హైదరాబాదు వీధుల నడుమ పారిన నీరు ఇచట కృష్ణను కలిసి, విజయవాడ ఆనకట్టకు చేరుచున్నది. విమానము పోవునదియు ఇంచుమించు అదే వాలున. శంషాబాదు సముద్రమట్టమునకు 617 మీటర్ల ఎత్తున ఉన్నది. గన్నవరము 25 మీటర్లే. కనుక హైదరాబాదునుండి బయలుదేరిన విమానము తాను ఎక్కినదానికంటె సుమారు 590 మీటర్లు ఎక్కువగా దిగవలెను. తిరుగుప్రయాణమున దిగినదానికంటె అంత ఎక్కువగా ఎక్కవలెను.

నేలమీది రహదారి మాత్రము ఈ గీతను అనుసరింపలేదు. పూర్వము తొమ్మిదవ నెంబరు జాతీయ రహదారిగా పేరొందినదియు, 2010 సంవత్సరమున జరిగిన మార్పులలో 65వ నెంబరు పొందినదియునగు హైదరాబాదు – విజయవాడ రహదారి ఉత్తరముగా వంగి సూర్యాపేట, కోదాడ పట్టణములను తాకి పోవుచున్నది. రహదారి విల్లువలె వంగినది. విమానపు దారి నారివలె బిగిసినది. శంషాబాదునుండి హైదరాబాదు వెలుపలి వలయ రహదారి పట్టి, పెద్ద అంబర్‌పేట వద్ద ఈ దారిలో చేరి, విజయవాడ దాటి గన్నవరము చేరుటకు సుమారు 300 కిలోమీటర్లు అగును. విల్లునకు, నారికి భేదము 40 కిలోమీటర్లకు మించదు. ఇది మాకు రెండవ వింత. ఆకాశమార్గము వలన కలుగు లాభము దూరమునందు మిక్కిలి స్వల్పము. లాభమంతయు వేగమునందే యుండవలెను.

ఆ వేగమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది.

పూర్వము బేగంపేటలో 1945లో నెలకొల్పబడిన దక్కను ఎయిర్‌వేస్ సంస్థవారు డకోటా విమానములను నడిపెడివారు. 1953లో ఆ సంస్థ జాతీయము చేయబడి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది. డకోటా గంటకు 250 మొదలు 300 కిలోమీటర్ల వేగముతో పోగలదు. ఈ 264 కిలోమీటర్లు దానికి ఇంచుమించు గంట ప్రయాణము. ఇప్పుడు ఈ మార్గమున ఎక్కువగా తిరుగునవి ఏటీఆర్ అనెడు విమానములు. ఫ్రాన్సు, ఇటలీ దేశములవారు కలిసి చేసినవి. పైకి పంకాలు తిరుగుచుండును గాని లోపల ఉన్నది టర్బైన్ యంత్రమే. వీని వేగము గంటకు సుమారు 500 కిలోమీటర్లు. ఈ లెక్కన 32 నిమిషములలో గన్నవరము చేరవలెను. కాలపట్టికలో మాత్రము ఇంచుమించు గంట అని యుండును. డకోటాకంటె వేగము రెట్టింపు అయినను కాలము అట్లే నిలిచియున్నదే! మిగిలిన అరగంట ఏమైనదని ఎవరైనను అడుగుదురు.

విమానము నేలను విడిచిన క్షణముననే పూర్తివేగము నందుకొనదు. ఎత్తునకు ఎక్కునపుడు వేగము తక్కువ. 17,000 అడుగుల ఎత్తు చేరుటకు పదునాఱు నిమిషములు పట్టినదనుకొందము. ఆ వ్యవధిలో అది పోవునది సుమారు 95 కిలోమీటర్లు, అనగా నల్లగొండ దాటువరకు. దిగుటకు మరల పండ్రెండు నిమిషములు, 90 కిలోమీటర్లు. నడుమ పూర్తివేగముతో పోవుటకు మిగిలినది 80 కిలోమీటర్లు మాత్రమే, పది నిమిషముల పని. పాలకీడు మీదికి వచ్చునప్పటికి ఇరువది రెండు నిమిషములగును. అచ్చటివారు పూర్తివేగముతో పోవుచున్న విమానమును చూతురు. ఆ పై కొద్ది నిమిషములకే అది దిగుట కారంభించును. ఇంత చిన్న దారిలో దానికి దక్కిన దౌడు మన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతముల మీదనే!

ఎక్కుటకు, దిగుటకు, నడిమి దౌడునకు కలిసి 38 నిమిషములైనవి. గన్నవరము దగ్గర వరుసలో నిలిచి పట్టాలమీద బండివలె తిన్నగా నేలకు వ్రాలుటకు మరి కొన్ని నిమిషములు. శంషాబాదులో ద్వారము విడిచి రన్‌వే కొసకు నేలమీద నడుచుటకు పది నిమిషములు. అచ్చట ముందున్న విమానములు ఎగురువరకు ఆగవలెను గదా. గన్నవరములో దిగిన పిమ్మట నిలుచుచోటికి పోవుటకు అయిదు. మొత్తము గంటకు అటునిటు. కాలపట్టికలో వ్రాసినది ద్వారము మొదలు ద్వారము వరకు పట్టు కాలమే గాని గాలిలో ఉండు కాలము కాదని ఇందువలన తెలియుచున్నది.

పెద్ద జెట్టు విమానమైనచో గంటకు 800 కిలోమీటర్లు పోవును గదా, ఇరువది నిమిషములలో చేర్చదా యని అడుగువారు కలరు. అది మరింత ఎత్తునకు ఎక్కిన గాని ఆ వేగము నందుకొనదు. ఎక్కుట ముగియునప్పటికి దిగవలసిన వేళ అగును. కాబట్టి ఇట్టి పొట్టి దారులలో జెట్టునకు దక్కునది కొద్ది నిమిషములే. నూనె ఖర్చు మాత్రము ఎక్కువ. పొరుగూరికి పోవుటకు పందెపు గుఱ్ఱమును కట్టినట్లుండును. పంకాల విమానమును చిన్నచూపు చూచుట తగదని మా అభిప్రాయము.

గాలియు లెక్కలోనికి రావలెను. గంటకు 40 కిలోమీటర్ల గాలి వెనుకనుండి త్రోయుచున్నచో 500 కాస్త 540 అగును. ఎదురు గాలియైనచో 460. ఈ దారి మొత్తముమీద ఆ భేదము అయిదు నిమిషములు. కాని గాలివలన కలుగు అసలు ఆలస్యము ఇది కాదు. శంషాబాదు రన్‌వే గాని, గన్నవరము రన్‌వే గాని ఇంచుమించు తూర్పు – పడమరలుగా పరచియున్నవి. విమానము ఎల్లప్పుడు గాలికి ఎదురుగా ఎగిరి, గాలికి ఎదురుగానే వ్రాలవలెను. తూర్పుగాలి వీచు దినములలో హైదరాబాదునుండి వచ్చు విమానము తూర్పుముఖముగా ఎగిరి, తూర్పుముఖముగానే గన్నవరమున తిన్నగా దిగును. నైరుతి ఋతుపవనము వీచునపుడు అట్లు కుదరదు. శంషాబాదులో ముందు పడమరకు ఎగిరి, వెనుకకు తిరిగి, గన్నవరమును దాటి తూర్పునకు పోయి, మరల మరలి వచ్చి దిగవలెను. వీధిలోని ఇంటికి పెరటివైపునుండి పోవుట వంటిది. విజయవాడనుండి హైదరాబాదు పోవువారికి ఇదంతయు తారుమారు. వానకాలమున వారికి తిన్నని దారి, తూర్పుగాలి కాలమున చుట్టుదారి. ఒకే దూరమునకు ఒకనాడు ఒక కాలము, మరునాడు మరియొక కాలము పట్టుటకు ఇది ముఖ్యకారణము.

మరియొక సంగతిని ఆ వృద్ధునకు చెప్పినపుడు ఆయన మిక్కిలి సంతోషించెను. తూర్పుగా పోవు విమానములకు బేసి వేల అడుగులు, పడమరగా పోవువానికి సరి వేల అడుగులు ఎత్తు నిర్ణయింపబడియుండును. గన్నవరము పోవునది 15 లేక 17 వేల అడుగులలో పోయినచో, శంషాబాదునకు వచ్చునది 14 లేక 16 వేల అడుగులలో వచ్చును. ఒకే దారిలో ఎదురెదురుగా పోయినను ఒకదానికొకటి తగులకుండుటకు ఈ ఏర్పాటు. "మడికి మడికి నడుమ గట్టు పెట్టినట్లన్నమాట" అని ఆయన అనెను. అంతకంటె బాగుగా మేము చెప్పలేము.

ఇక మనుమని సంగతి. విమానమున ఒక గంట అనునది నిజమే. ఆ గంటకు ముందును వెనుకను ఉన్నది లెక్కింపకపోవుటయే ఆ కుటుంబమువారు చేసిన పొరపాటు. హైదరాబాదు నగర మధ్యమున ఉన్నవానినే తీసికొందము. శంషాబాదు చేరుటకు గంట. విమానమునకు ముందు గంటన్నర అచ్చట ఉండవలెను. ప్రయాణము గంట. దిగి సామాను తీసికొనుటకు అరగంట. గన్నవరమునుండి విజయవాడ నడిబొడ్డునకు ముప్పాతిక గంట. మొత్తము నాలుగు గంటల ముప్పాతిక. 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాదు – విశాఖపట్టణము వందే భారత్ రైలు, వరంగల్లు, ఖమ్మముల మీదుగా చుట్టి వచ్చియు, సుమారు నాలుగు గంటలలో విజయవాడ చేర్చుచున్నది. కారులో పోయినను అయిదు గంటలు. ఈ రెండు ఊళ్ళ మధ్యనే పోదలచినవానికి విమానము వలన కలుగు మేలు దాదాపు శూన్యమని స్పష్టము. ఫ్రాన్సు దేశమున ఈ సంగతినే గ్రహించి, రెండున్నర గంటలలోపల రైలుబండి చేర్చగల కొన్ని దారులలో విమానములు నడుపరాదని 2023లో శాసనమును అమలు పరచిరి. ఆ శాసనము కొలుచునది దూరమును కాదు, కాలమును.

మరి ఈ విమానములు ఎవరికై తిరుగుచున్నవి? వీనిలో కూర్చున్నవారిలో పలువురకు హైదరాబాదు గమ్యస్థానము కాదు. అచ్చట దిగి మరియొక విమానమెక్కి దూరదేశములకు పోవువారు. వారికి ఈ గంట ఒక పెద్ద ప్రయాణములో మొదటి మెట్టు.

ఇచ్చటనే పాలకీడువారి చిక్కు బయటపడుచున్నది. రహదారిని పాలకీడునుండి గన్నవరమునకు హుజూర్‌నగర్, కోదాడల మీదుగా 160 కిలోమీటర్లకు పైగా ఉన్నది. మూడు గంటలు పెట్టుకొనవలెను. శంషాబాదునకు మిర్యాలగూడ, నల్లగొండల మీదుగా 180 కిలోమీటర్లకు తక్కువ కాదు. నాలుగు గంటలు. దగ్గర గదా యని విదేశమునకు పోవువాడు గన్నవరము పోయి, అచ్చట విమానమెక్కి శంషాబాదు వచ్చినచో ఏమగును? మూడు గంటలు కారులో తూర్పునకు పోయి, గంటన్నర కూర్చుండి, తన ఊరిమీదుగానే వెనుకకు ఎగిరి వచ్చును. క్రిందికి చూచినచో జాన్‌పహాడ్ గుట్టలు, కృష్ణ మలుపు కనబడవచ్చును. శంషాబాదు చేరునప్పటికి అయిదున్నర గంటలు గడచును. తిన్నగా కారులో పోయినవాడు నాలుగు గంటలకే చేరియుండెడివాడు. ఢిల్లీకి పోవువాని సంగతి వేరు. గన్నవరమునుండియే తిన్నగా ఢిల్లీకి విమానమున్నది. కావున అతనికి తూర్పుదారియే మేలు. దగ్గరి విమానాశ్రయము ఏదియను ప్రశ్నకు, ఎచ్చటికి పోదువని అడుగక జవాబు చెప్పరాదు.

నడుమ ఎచ్చటనైనను ఒక చిన్న విమానాశ్రయము ఏల కట్టరని ఈ ప్రాంతపు యువకులు మమ్ము అడిగిరి. దీనికి కూడ ఒక కొలత అడ్డుగా ఉన్నది. శంషాబాదు విమానాశ్రయ నిర్మాణమునకై 2004లో కుదిరిన ఒప్పందమున, ఆ విమానాశ్రయము తెరచిననాటినుండి ఇరువదియైదు సంవత్సరముల వరకు 150 కిలోమీటర్ల ఆకాశదూరములోపల క్రొత్త విమానాశ్రయమునకు అనుమతి ఈయరాదని ఒక షరతు చేర్చబడినది. అది 2008 మార్చిలో తెరువబడినది. కావున ఆ గడువు 2033 వరకు. శంషాబాదు చుట్టును 150 కిలోమీటర్ల వలయము గీచి చూచితిమి. మిర్యాలగూడ, సూర్యాపేట లోపల ఉన్నవి. పాలకీడు ఆ గీత ప్రక్కనే, లోపలి అంచున పడుచున్నది. కోదాడ వలయమునకు వెలుపల ఉన్నది.

ఈ షరతు సడలింపరానిది కాదు. వరంగల్లు సమీపమున నిజాము కాలమున ఏర్పడిన మామునూరు విమానాశ్రయము కూడ శంషాబాదునకు సుమారు 145 కిలోమీటర్లలో, అనగా ఈ వలయములోపలనే ఉన్నది. అది చాలకాలము మూతబడియుండెను. 2024లో శంషాబాదు విమానాశ్రయమువారు తమకు అభ్యంతరము లేదని తెలుపగా, 2025 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము దాని పునరుద్ధరణకు అనుమతి నొసగినది. అయితే వరంగల్లు పెద్ద నగరము. పాలకీడు చుట్టుప్రక్కల ఉన్నవి వరిపొలములు, బియ్యపు మిల్లులు, సిమెంటు కర్మాగారములు. బియ్యమును, సిమెంటును విమానమున పంపువారు లేరు. ఇచటికి కావలసినది విమానాశ్రయము కంటె మంచి రోడ్డు అని మాకు తోచుచున్నది. హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరు దారిలో అరగంట తగ్గించినచో, గన్నవరము అరగంట దగ్గరకు జరిగినట్లే. విమానపు వేగము పెంచి ఆ అరగంటను తెచ్చుట ఎవరి తరమును కాదని పైని లెక్కలలో చూచియే యుంటిమి.

దూరము తక్కువైన కొలది విమానము పనికిరాదని మాత్రము ఎవరును భావింపకుందురుగాక. స్కాట్లండునకు ఉత్తరమున ఓర్క్‌నీ దీవులలో వెస్ట్రే, పాపా వెస్ట్రే అను రెండు దీవుల నడుమ 1967నుండి ఒక చిన్న విమానము తిరుగుచున్నది. దూరము మూడు కిలోమీటర్లైన లేదు. గాలి అనుకూలించినచో రెండు నిమిషములలోపలనే ముగియును. నడుమ సముద్రమున్నది గనుక అచ్చటివారికి అది నిత్యావసరము. మనకు నడుమనున్నది కృష్ణ. దానిమీద వంతెనలున్నవి.

మేము ఆ వృద్ధునకు కాగితముమీద వ్రాసి యిచ్చిన లెక్క ఇది. ఢిల్లీ విమానము గన్నవరమున ఉదయము తొమ్మిది గంటలకు అనుకొనుడు. ఏడున్నరకు అచ్చట ఉండవలెను. దారి మూడు గంటలు. విజయవాడలో ఉదయపు రద్దీకి అరగంట అదనము. కాబట్టి పాలకీడులో నాలుగు గంటలకు కారు కదలవలెను. ఆయన ఆ కాగితమును రెండుమార్లు చదివించుకొని, మడచి జేబులో పెట్టుకొని, "మూడున్నరకే లేపుత పోరన్ని" అనెను.